కందిపప్పు పావుకిలోకి దిగినప్పుడు

ఒక ఇల్లు ఇబ్బందిలో పడిందని చుట్టాల కంటే ముందు కిరాణా కొట్టుకి తెలుస్తుంది. ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. నెలకి రెండు కిలోలు పట్టుకెళ్ళే కందిపప్పు కిలోకి వస్తుంది, తర్వాత వారానికో పావుకిలో అవుతుంది. నూనె లీటరు ప్యాకెట్టు పోయి అరలీటరుది వస్తుంది. ఒంటి సబ్బు, బట్టల సబ్బు రెండూ తీసుకునే మనిషి ఒకటే తీసుకుంటుంది. పప్పు మానేసినవాళ్ళని చూశాను గానీ టీపొడి మానేసినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు. పిల్లల బిస్కెట్ ప్యాకెట్టు కూడా ఒక పట్టాన ఆగదు. ఆ తర్వాత ఒకరోజు అసలా మనిషే రావడం మానేస్తుంది. పాత బాకీ ఉందిగా, మా కొట్టు ముందు నుంచి వెళ్ళడానికి మొహం చెల్లక పక్క సందులోంచి చుట్టూ తిరిగి పోతుంది.

మాది ఒంగోలు. కొత్తపట్నం బస్టాండు వైపు ఓ సందులో మా కొట్టు. మా మామగారు పెట్టింది. ఇప్పుడు మా ఆయన సరుకు తేవడం, షావుకార్లతో మాట్లాడ్డం చూసుకుంటారు, గల్లా దగ్గర నేను. చుట్టుపక్కల పొగాకు గ్రేడింగుకి వెళ్ళే ఆడవాళ్ళు, గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో చేసేవాళ్ళు, ఆటో తోలేవాళ్ళు, ఇళ్ళల్లో పనులు చేసేవాళ్ళు ఎక్కువ. పొగాకు వేలం నడిచినన్నాళ్ళు మా అప్పు పుస్తకం సన్నగా ఉంటుంది. వేలం కేంద్రాలు మూతపడి, గ్రేడింగు అయిపోయాక లావెక్కుతుంది.

మా పేటలో ఓ చిన్న ట్రస్టు ఉంది. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి (మేమంతా బ్యాంకు బాబాయి అంటాం), హైస్కూలు లెక్కల మాస్టారు, ఓ మందుల షాపాయన, టైలరింగ్ చేసే ఓ అక్క, ఇంకా కొంతమంది. అప్పట్లో వాళ్ళు చేసిందీ అందరూ చేసిందే. బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, ఓ సబ్బు కలిపి సంచీలో పెట్టి పంచడం. ఆ సంచీలు మా కొట్లోనే కట్టాం. అప్పటికి అది సరైన పనే, ఎందుకంటే బయటికి వెళ్ళే దారి లేదు, పని లేదు, అందరికీ కావాల్సింది ఒకటే.

లాక్‌డౌన్ అయిపోయాక కూడా సంచీలే పంచుతుంటే తేడా తెలిసింది. చక్కెర జబ్బున్న ముసలమ్మకి కిలో పంచదార. బియ్యం ఇంట్లో మూలుగుతుంటే మళ్ళీ ఐదు కిలోల బియ్యం. పాలు తాగే పిల్ల ఉన్న ఇంటికి పాలు లేవు, ఉప్మా రవ్వ ఉంది. పంచిన రెండో రోజే కొంతమంది ఆ సరుకు మా కొట్టుకే తెచ్చి, "అక్కా, ఇది తీసుకుని వేరేది ఇస్తావా" అనడం మొదలుపెట్టారు. నేను మార్చి ఇచ్చేదాన్ని. ఎవరు ఏం మార్చుకున్నారో ఓ కాగితం మీద రాసి పెట్టాను. ఊరికే, నాకు లెక్క రాసే అలవాటు. ఓరోజు ఆ కాగితం బ్యాంకు బాబాయికి చూపిస్తే ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "మరి మనం సంచీలెందుకు కడుతున్నామమ్మా?" అన్నారు.

ఇంకోటి ఫొటోలు. పంపిణీ అనగానే ఓ బ్యానరు, వరసలో ఆడవాళ్ళు, సంచీకి ఒకవైపు ఇచ్చేవాళ్ళ చెయ్యి, ఇంకోవైపు తీసుకునేవాళ్ళ చెయ్యి. ఓ ఫొటోలో మా సందులో డిగ్రీ చదివే పిల్ల వాళ్ళమ్మ బదులు వచ్చి నిలబడింది. అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి వాళ్ళ క్లాసువాళ్ళ దాకా పోయింది. తర్వాతి నెల సంచీ తీసుకోడానికి ఆ ఇంటినుంచి ఎవరూ రాలేదు. పోనీ అవసరం తీరిందా అంటే, మా పుస్తకంలో బాకీ అలాగే ఉంది.

దాంతో సంచీలు పోయి పుస్తకాలొచ్చాయి. పద్ధతి చెప్తాను, ఇంకో ఊళ్ళో ఎవరికైనా పనికొస్తుందేమో. ట్రస్టు ఎంచుకున్న ఇంటికి ఓ చిన్న పుస్తకం ఇస్తాం. మా ఖాతాదారులందరి దగ్గరా ఉండే పుస్తకం లాంటిదే, అదే అట్ట, అదే సైజు. దాని మీద ట్రస్టు పేరు లేదు, ముద్ర లేదు. ఆమె కొట్టుకి వచ్చి కావాల్సినవి అడుగుతుంది, నేను రాసుకుని ఇస్తాను. పక్కన నిలబడ్డవాళ్ళకి ఆమె ఖాతా మీద కొనుక్కుంటున్నట్టే ఉంటుంది. నెలాఖరుకి బిల్లు ట్రస్టుకి వెళ్తుంది. మొదట్లో నెలకి 1,000 రూపాయల దాకా అనుకున్నారు. సిగరెట్లు, గుట్కా కుదరవు. అంతకుమించి ఆంక్షల్లేవు. ఆరు నెలలయ్యాక ఇంటికి వెళ్ళి మాట్లాడి ఆపాలా, కొనసాగించాలా అని చూస్తారు.

ఇందులో నా త్యాగం ఏమీ లేదని కూడా ఇక్కడే చెప్పాలి. నాకు అది వ్యాపారమే. నా ఖాతాదారులందరిలో తేదీకి ఠంచనుగా డబ్బు కట్టేది ట్రస్టు ఒక్కటే.

ఈ 1,000 మీద ఓసారి పెద్ద గొడవే అయింది. 2024 ఎండాకాలంలో కందిపప్పు కిలో 180 దాకా వెళ్ళింది. ఆ సెప్టెంబరులో కేంద్రం వంట నూనెల మీద దిగుమతి సుంకం పెంచింది. మన పామాయిలూ, సన్‌ఫ్లవర్ నూనే చాలావరకు బయటి దేశాల నుంచి వచ్చేవే కదా, రోజుల్లోనే ప్యాకెట్టు మీద 20 రూపాయల దాకా పెరిగింది. పాత సరుకు ఉన్నవాళ్ళు కూడా కొత్త రేటుకే అమ్మారు, అది వేరే కథ. పుస్తకంలో రాసే మొత్తం అదే, వచ్చే సరుకు తగ్గింది. "1,000కి ఇప్పుడేమొస్తుందో మీరే వచ్చి కొనండి" అని మీటింగులో అన్నాను. మాస్టారు నిజంగానే వచ్చారు, జాబితా రాసుకుని. రెండు కిలోల పప్పు, రెండు నూనె ప్యాకెట్లు, చింతపండు, ఎండుమిర్చి, టీపొడి, పంచదార దాకా వచ్చేసరికి సబ్బులకి మిగల్లేదు. ఆ నెల నుంచి 1,200 చేశారు.

పేదవాళ్ళే సరుక్కి ఎక్కువ ధర కడతారు, ఇది గల్లాలో కూర్చున్నదాన్ని చెప్తున్నాను. పది రూపాయల టీపొడి ప్యాకెట్లు నెలంతా కొన్న ఇల్లు, అరకిలో ప్యాకెట్టు ఒక్కసారి కొన్న ఇంటికంటే ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ పొడి తాగుతుంది. తెలియక కాదు. ఈ రోజు కూలి ఈ రోజు సాయంత్రం చేతికొస్తుంది. అందులో ఫైనాన్సువాడి రోజు వాయిదా పోగా మిగిలిందానితో రేపటి పొద్దుటికి కావాల్సింది కొంటారు, అంతే. పుస్తకం వచ్చాక అదే మనిషి ఒకటో తారీఖునే పెద్ద ప్యాకెట్లు తీసుకుంటుంది. దాంతో ట్రస్టు ఇచ్చే 1,200 ఆ ఇంటికి ఇంకొంచెం ఎక్కువ పనిచేస్తుంది.

బియ్యం మాత్రం పుస్తకంలో చాలా తక్కువ. రేషన్లో మనిషికి నెలకి ఐదు కిలోలు వస్తున్నాయి, 2023 జనవరి నుంచి అవి పూర్తిగా ఉచితం. అంత్యోదయ కార్డుకైతే 35 కిలోలు. బియ్యం దొరక్క పస్తులుండే రోజులు మా మామగారు చూశారు, నేను చూడలేదు. ఇప్పటి ఇబ్బంది అన్నంలోకి ఏం వేసుకోవాలన్నదే. ఆ బియ్యం గురించి కూడా నాకు రోజూ ఓ పంచాయితీ. "వదినా, ఇందులో ప్లాస్టిక్ గింజలున్నాయి, నీళ్ళల్లో తేలుతున్నాయి చూడు" అని గుప్పెట్లో పట్టుకొస్తారు. అవి పోషకాలు కలిపిన గింజలు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 బియ్యప్పిండిలో కలిపి గింజల్లా చేసి, వంద కిలోలకి కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. ఏరి పారేయొద్దు, కడిగి కడిగి పారబోయొద్దు అని చెప్తాను. సగం మంది వింటారు. మిగతా సగం నన్ను రేషన్ డీలరు బంధువనుకుంటారు.

పైసా ఖర్చు లేకుండా ట్రస్టు చేసిన సాయాలు కూడా ఉన్నాయి. కనిగిరి వైపు నుంచి పనికోసం వచ్చిన ఓ కుటుంబం కార్డు ఊళ్ళో ఉందని నెలల తరబడి బియ్యం కొనుక్కుంటోంది. ఏ ఊరి కార్డైనా ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి తీసుకోవచ్చని వాళ్ళకి తెలియదు. టైలరు అక్క వెంటబెట్టుకుని వెళ్ళి ఇప్పించింది. ఆ ఒక్క పనితో ఆ ఇంటికి మిగిలింది పుస్తకంలో మేం రాసేదాంతో సమానం.

గ్యాస్ కథ కూడా ఇలాంటిదే. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకొకటి. ఉచితమే, కానీ ముందు మనం డబ్బు కట్టి తీసుకుంటే తర్వాత బ్యాంకులో పడుతుంది. ఆ సిలిండరు డబ్బు ఒక్కసారిగా చేతిలో ఉండే ఇళ్ళకి సమస్య లేదు. లేని ఇల్లు సిలిండరు బుక్ చెయ్యదు, ఆ ఉచితం ఆ ఇంటికి రాదు. బ్యాంకు బాబాయి దీనికి ఓ చిన్న డబ్బా పెట్టారు. అందులోంచి సిలిండరు డబ్బు ఇస్తారు, బ్యాంకులో పడగానే తెచ్చి డబ్బాలో వేస్తారు. మళ్ళీ ఇంకొకళ్ళకి. "తిరిగి రాదు బాబాయ్ గారూ" అని నేనే అన్నాను, అప్పు పుస్తకం రాసేదానికి అనుమానం సహజం. చాలావరకు వస్తోంది. ఒకళ్ళిద్దరివి బ్యాంకులో పడగానే పాత అప్పు కింద జమైపోయాయి. అలాంటప్పుడు ఏం చెయ్యాలో మాకింకా తెగలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక ట్రస్టు లెక్కల్లో ఓ పద్దు సగానికి సగం తగ్గింది. అంతకుముందు రిమ్స్ ఆసుపత్రికి తరచూ వెళ్ళాల్సినవాళ్ళకి, దూరం కాలేజీలకి వెళ్ళే ఆడపిల్లలకి బస్సు ఛార్జీలు ఇచ్చేవాళ్ళు. మిగిలిన డబ్బు దేనికి వాడాలంటే మాస్టారు నోటుబుక్కులన్నారు, మందుల షాపాయన బీపీ మాత్రలన్నారు. చివరికి చిన్న పిల్లలున్న ఇళ్ళకి పాల ప్యాకెట్లు, గుడ్లు ఖాయం చేశారు. మందుల షాపాయన తన వంతుగా మాత్రలు కొన్నరేటుకే ఇస్తానన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా.

ఆడవాళ్ళు గల్లా దగ్గర ఉండాలనేది నా గట్టి అభిప్రాయం. ప్యాడ్లు పుస్తకంలో రాయొచ్చని ట్రస్టు మొదటే చెప్పింది. మా ఆయన కూర్చున్న పూట ఒక్కరూ అడగరు. నేనున్నప్పుడు అడుగుతారు, అదీ మిగతా సరుకంతా చెప్పాక, చివర్లో, గొంతు తగ్గించి. ఓ తల్లి నెలల తరబడి కూతురికి మాత్రమే తీసుకునేది. "నీకో మరి?" అంటే నవ్వి ఊరుకుంది. తర్వాతి నెల నుంచి రెండు రాస్తున్నాను, తనూ వద్దనలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, పేస్టు, షాంపూ, తలనూనె మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి తగ్గాక పుస్తకాల్లో సబ్బులు కాస్త పెరిగాయి. ప్యాడ్ల మీద 2018లోనే పన్ను తీసేశారు. అయినా డబ్బుకి కటకట వచ్చిన ఇంట్లో ముందు ఆగేది అదే.

సంక్రాంతి ముందు ఓసారి పుస్తకాల్లో బెల్లం, నువ్వులు, నెయ్యి ప్యాకెట్లు ఎక్కువ కనిపించాయి. రంజాన్ నెలలో సేమ్యా, కాస్త జీడిపప్పు. దాతల్లో ఒకాయన బిల్లులు చూసి, "జీడిపప్పు కనీస అవసరమా అండీ?" అని అడిగారు. మంచి మనిషే, ఏటా పెద్ద మొత్తం ఇస్తారు. నేను ఆయనకి చెప్పింది ఇంతే: "ఆమె 50 గ్రాములు తీసుకుంది, దానికోసం ఆ నెల పంచదార తగ్గించుకుంది, లెక్క చూడండి." పండగ పూట పిల్లలకి అరిసె పెట్టాలనుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? పుస్తకం ఇచ్చాక ఆ డబ్బు వాళ్ళది. ఇన్నేళ్ళలో ఆ డబ్బుని తగలేసిన ఇల్లు నాకు తగల్లేదు. ఇంత జాగ్రత్తగా కొనేవాళ్ళని నా మామూలు ఖాతాదారుల్లో చూడను.

దాతల అనుమానాన్ని మాత్రం నేను తప్పుపట్టను. డబ్బిచ్చేవాళ్ళు లెక్క అడగాల్సిందే. ఫొటోలు లేవు కాబట్టి ప్రతి నెలా బిల్లులు పేర్లు కనబడకుండా కాగితం అడ్డుపెట్టి స్కాన్ చేసి గ్రూపులో పెడతారు. ఒక్కో ఇంటికి ఏం వెళ్ళిందో తెలుస్తుంది, అది ఎవరి ఇల్లో తెలియదు. ట్రస్టుకి విరాళమిస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చే గుర్తింపు ఉంది. 2,000 దాటిన విరాళం నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు కాబట్టి బ్యాంకు ద్వారానే పంపమంటారు. చిన్న మొత్తాలు ఇచ్చేవాళ్ళే ఎక్కువ. నెల్లూరు జిల్లా నుంచి కోడలిగా వచ్చిన ఓ పెద్దావిడ ప్రతి నెలా 100 రూపాయలు చిల్లర నాణేలుగా నా గల్లాలోనే ఇచ్చి వెళ్తుంది. అక్కడి దూబగుంటలో ఆడవాళ్ళు సారా అమ్మకాల మీద తిరగబడ్డ ఉద్యమం రోజుల్లో వయసులో ఉన్న మనిషి. ఆ తర్వాత నెల్లూరులో రోజుకి రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి గ్రూపులు పెట్టినప్పుడు అలవాటైన రూపాయి ఇంకా మానలేదు. "బ్యాంకుల్లో వేస్తే మీరు ఎక్కడ మర్చిపోతారో" అని నాకే ఎదురు లెక్క చెప్తుంది.

ఎవరికి పుస్తకం ఇవ్వాలన్నదే అన్నిటికంటే కష్టం. బియ్యం కార్డు చూసి ఎంచుదామంటే మా సందులో అందరికీ ఉంది. అడిగినవాళ్ళకి ఇద్దామంటే గొంతున్నవాళ్ళకే వెళ్తుంది. ఆశా వర్కరు, అంగన్‌వాడీ టీచరు చెప్పిన పేర్లు కొన్ని వస్తాయి. మిగతావి నా అప్పు పుస్తకం నుంచే. పప్పు పావుకిలోకి దిగిందని నాకు తెలుసు కదా. అయితే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: వాళ్ళని అడక్కుండా వాళ్ళ పేరు ట్రస్టుకి చెప్పను. కొట్టు ఖాళీగా ఉన్న వేళ చూసి నేనే అడుగుతాను. కొంతమంది సరేనంటారు. కొంతమంది "మాకెందుకు వదినా, ఇంకా లేనివాళ్ళున్నారుగా" అంటారు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వానకి రోజుల తరబడి పనుల్లేవు. అప్పుడు ఓ పాలిషింగ్ ఫ్యాక్టరీ కార్మికుడి భార్య ఇలాగే వద్దంది. రెండు నెలలకి ఆయన చెయ్యి నలిగి ఇంట్లో పడ్డాక తనే వచ్చి అడిగింది. ఆ ఇంటి పుస్తకం ఏడాదికి పైగా నడిచింది. ఇప్పుడు ఆమె సాయంత్రాలు ఇంటి ముందు ఇడ్లీ, పునుగులు వేస్తోంది, గ్రైండరు సెకండ్ హ్యాండ్‌ది ట్రస్టు కొనిచ్చింది. పుస్తకం తనే తెచ్చి నా చేతిలో పెట్టేసి, మినప్పప్పు మాత్రం అప్పు రాసుకోమంది.

ఆమె బండి పెడతానన్నప్పుడు అత్తగారు, "ఇంటి ముందు అన్నం అమ్ముకోవడం ఏంటి" అని వారం రోజులు మాట్లాడలేదట. మాస్టారు వెళ్ళి ప్రకాశం పంతులుగారి సంగతి చెప్పొచ్చారు. పదకొండేళ్ళప్పుడు తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఇదే ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. అప్పట్లో ఆ పనిని ఇంకా హీనంగా చూసేవాళ్ళు. ఆ కొడుకు పేరే ఇప్పుడు మన జిల్లా పేరు. అత్తగారు ఆ సంగతి విని కరిగిందో, పునుగుల డబ్బు చూసి కరిగిందో గానీ ఇప్పుడు చట్నీ ఆవిడే రుబ్బుతుంది.

మావల్ల కానిది ఇంటద్దె. పుస్తకం ఉన్న ఇళ్ళల్లో అద్దె బాకీ లేనివి తక్కువ. రెండు గదుల రేకుల ఇంటికి కూడా వేలల్లో ఉంది. ఒక ఇంటికి అద్దె కడితే ఆ డబ్బుతో మూడు ఇళ్ళకి వెచ్చాలు వస్తాయి. ఎవరిది ఆపి ఎవరికివ్వాలి? ఓసారి ఓ వితంతువుకి రెండు నెలలు కట్టారు, ఇంటాయన మూడో నెల పెంచాడు. అప్పటినుంచి అద్దె జోలికి పోవడం లేదు. అది సరైన నిర్ణయమని నేను అనుకోను, కానీ నా దగ్గర వేరే దారీ లేదు. ఒకటో తారీఖున 4,000 పింఛను ఇంటికొచ్చే ముసలమ్మలు ముందు నా బాకీ కట్టడానికి వస్తుంటే, "ముందు అద్దె కట్టి రా మామ్మా, నాది ఆగుతుంది" అంటుంటాను.

ఒంగోలువాళ్ళెవరైనా ఇది చదివి సాయం చెయ్యాలనుకుంటే: ట్రస్టులో చేరక్కర్లేదు. మీ సందులో కిరాణా కొట్టువాళ్ళని అడగండి, ఎవరి ఖాతా ఆగిపోయిందో పేరు చెప్పమని కాదు, "ఓ ఇంటి బాకీలో 500 నేను కడతా, ఎవరిదో మీరే చూసుకోండి" అని. నమ్మకమైన కొట్టయితే ఆ పని చేస్తుంది, బిల్లు చూపిస్తుంది. పాత బట్టలు మాత్రం తేవొద్దు. మా గోడౌన్లో ఇప్పటికే నాలుగు గోతాలున్నాయి. పెళ్ళిళ్ళకి కట్టి పక్కనపెట్టిన పట్టుచీరలు, జిప్పు ఊడిన ప్యాంట్లు, ఒంటి చెప్పు కూడా ఉంది. బియ్యం బస్తాలకి చోటు చాలడం లేదు, పైగా ఎలుకలు.